సామూహిక కాల్పులు: ప్రేరణాన్వేషణము

తుపాకి చేబూనిన ఒకడు గాని ఇరువురు గాని, బడి, బజారు, ప్రార్థనామందిరము, కార్యాలయము, రైలుబండి మొదలగు జనసంచారస్థలముల యందు, తమతో వైరమే కాదు, పలుమారు పరిచయము కూడ లేని అనేకులను ఒకే సందర్భమున వరుసగా కాల్చి చంపుటను సామూహిక కాల్పులని వ్యవహరింతురు. దోపిడికొఱకును, ముఠాకక్షల వలనను జరుగు హత్యలను పరిశోధకులు సాధారణముగా ఈ కోవలో చేర్చరు. సంఖ్యావిషయమున ఏకాభిప్రాయము లేదు. అమెరికా సమాఖ్య పరిశోధక సంస్థయగు ఎఫ్.బి.ఐ. చిరకాలము నలుగురు లేక అంతకు మించినవారు మృతిచెందిన ఘటనను సామూహిక హత్యగా పరిగణించుచు రాగా, 2013 జనవరిలో ఆ దేశాధ్యక్షుని ఆమోదము పొందిన చట్టము ఆ సంఖ్యను మూడుకు తగ్గించెను. గన్ వయొలెన్స్ ఆర్కైవ్ అను సంస్థ మృతులతో నిమిత్తము లేకుండ నలుగురికి తూటా తగిలిన ప్రతి ఘటనను లెక్కించును. ఒకే సంవత్సరమునకు ఒకరు అల్పసంఖ్యను, మరొకరు వందలను చెప్పుట కిదియే హేతువు.

ఇట్టి ఘోరము జరిగిన మరుక్షణమున లోకమడుగు ప్రశ్న ఒక్కటే: వీడు ఇట్లేల చేసెను? ఆ ప్రశ్నకు సమాధానము ఎంత దుర్లభమో, దొరికినదని తలచిన చోట్ల సైతము అది ఎంత అసమగ్రమో తెలుపుట ఈ వ్యాసమునకు ప్రధానోద్దేశము. సమీపకాలపు హంతకుల పేర్లను ఇందు బుద్ధిపూర్వకముగా విడిచితిమి. కారణము ముందు తెలియగలదు.

పెద్దపల్లి జిల్లాలోని రామగుండము, గోదావరిఖని ప్రాంతమునకు తుపాకి మ్రోత అపరిచితము కాదు. 1980లో పీపుల్స్‌వార్ పార్టీయు, ఆ పిమ్మట గనికార్మికులలో సింగరేణి కార్మిక సమాఖ్యయు ఏర్పడిన నాటినుండి రెండు దశాబ్దములకు పైగా ఈ బొగ్గుబెల్టున జరిగిన హత్యలును, ఎదురుకాల్పులును ఇచటి పెద్దలకు నేటికిని జ్ఞప్తియందున్నవి. అయినను ఆ తుపాకి వెనుక ఒక వాదముండెను. శవము ప్రక్కన ఒక లేఖయో, గోడమీద ఒక వాల్‌పోస్టరో ఉండెను. దానిని సమర్థించినవారుండిరి, ఖండించినవారుండిరి గాని, ఎందులకు కాల్చిరో బోధపడలేదన్నవారు అరుదు. సామూహిక హంతకుని తుపాకి అట్టిది కాదు. బొగ్గుబాయి దిగిన తండ్రుల సంపాదనతో చదువుకొని, యైటింక్లైన్ కాలనీ నుండియు, ఎన్టీపీసీ టౌన్‌షిప్పు నుండియు అమెరికాకు పోయిన పిల్లల తల్లిదండ్రులు, ఆ దేశమున ఏదో ఒక పట్టణమున కాల్పులు జరిగెనని టీవీలో చూచినంతనే, అది ఎంత దూరమో ఎరుగకయే, అర్ధరాత్రి ఫోను చేసి క్షేమము కనుగొనుట ఈ తరమున పరిపాటియైనది. కావున ఈ విషయము ఇచటివారికి దూరదేశపు వింత కాదు.

మన దేశమున ఇట్టి ఘటనలు అరుదు. 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేనిదే సామాన్యునికి తుపాకి దొరకదు. 2019 సవరణ వలన లైసెన్సుదారునికి సైతము రెండింటికి మించి ఉండరాదు. కావుననే మనయొద్ద జరిగిన కొద్దిపాటి ఘటనలలో పెక్కింటి యందు తుపాకి ఉద్యోగధర్మముగా చేతికి వచ్చినది. వానిలో మిక్కిలి పరిశీలింపదగినది 2023 జూలై 31 నాటి రైలు ఘటన. జైపూరు నుండి ముంబాయి సెంట్రలునకు పోవు సూపర్‌ఫాస్టు ఎక్స్‌ప్రెస్సు తెల్లవారుజామున మహారాష్ట్రలోని పాల్ఘర్ ప్రాంతము దాటుచుండగా, బండికి కాపలాగా నుండిన రైల్వే రక్షణదళపు కానిస్టేబులొకడు తన పై అధికారియైన సహాయ సబ్‌ఇన్‌స్పెక్టరును, పిమ్మట వేర్వేరు బోగీలలో నున్న ముగ్గురు ప్రయాణికులను కాల్చి చంపినట్లు అభియోగము. ఆ మువ్వురును ముస్లిములు. వారిలో ఒకరు హైదరాబాదు నివాసి, బీదరు ప్రాంతమునుండి వచ్చి స్థిరపడినవారు.

ఈ ఘటనకు తొలినాడే మూడు వివరణములు బయలుదేరినవి. తనకు ఒంట్లో బాగులేదని, డ్యూటీ ముగియకమునుపే దిగిపోయెదనని నిందితుడు కోరగా, మిగిలిన కొద్ది గంటలు గడుపుమని అధికారి చెప్పెనని, అది తగవునకు మూలమని తోడి కానిస్టేబులు వాంగ్మూలము. నిందితుడు మానసిక రోగియని అతని పక్షమువారి వాదము. శవము ప్రక్కన నిలుచుండి అతడు రాజకీయ, మత విషయములను గూర్చి పలికిన మాటలు ప్రయాణికుల ఫోనులలో దృశ్యములుగా నిలిచి దేశమంతట వ్యాపించుట వలన, ఇది మతద్వేషమేయని అనేకుల నిశ్చయము. పోలీసులు హత్యానేరముతో పాటు వర్గముల నడుమ వైషమ్యమును రెచ్చగొట్టిన నేరమును కూడ మోపిరి. తీర్పు న్యాయస్థానముది. కాని ఆలోచనాపరుడు గమనింపదగిన దొకటి కలదు. ఒంట్లో బాగులేక సెలవడిగి, కాదన్న అధికారిపై కోపించుట మొదటి తూటాకు వివరణము కావచ్చును. అది బోగీ వెంట బోగీ నడచి ముగ్గురను ఎంచుకొనుటకు వివరణము కాజాలదు. మతద్వేషము తక్కిన మూటికి వివరణము కావచ్చును. అది మొదటిదానికి సరిపడదు. రోగమన్నచో, రోగమునకు మనుష్యులను ఎంచుకొను నేర్పు ఎక్కడిది? అరగంట వ్యవధిలోపల జరిగిన ఒకే ఘటనయందు సైతము ప్రేరణ ఆద్యంతము ఒక్కటియై యుండునని మనము పూనుకొనుటయే తొలి పొరబాటని నా తలంపు. కోపముతో మొదలైన చేయి, ఇక తిరిగి పోవు దారి లేదని తెలిసిన పిమ్మట, అంతకుముందు మనస్సులో ఏనాటినుండియో పేరుకొనియున్న దానిని వెలికి తీయవచ్చును.

సాయుధ దళముల శిబిరములలో జవానులు తోడి జవానులనే కాల్చుట ఈ జాతికి చెందిన మరియొక శాఖ. 2021 నవంబరు 8వ తేదీ వేకువకు ముందు, తెలంగాణ సరిహద్దునకు చేరువనున్న సుక్మా జిల్లా మరాయిగూడెం పరిధిలోని సి.ఆర్.పి.ఎఫ్. శిబిరమున ఒక జవాను నిద్రించుచున్న సహచరులపై కాల్పులు జరుపగా నలుగురు మరణించిరి, ముగ్గురు గాయపడిరి. వారిని భద్రాచలము ఆసుపత్రికి తరలించిరి. భావోద్వేగపు ఒత్తిడిచే జవాను హఠాత్తుగా మనస్తిమితము కోల్పోయెనని అధికారుల తొలి ప్రకటన. అంతకు రెండేండ్ల క్రితము, 2019 డిసెంబరులో, నారాయణపూర్ జిల్లా కడేనార్ శిబిరమునను ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసుదళపు జవానొకడు అయిదుగురిని చంపి, తానును మరణించెను. సెలవు దొరకకపోవుట, ఇంటి చిక్కులు, నిద్రలేమి, హేళన, అడవిలో నిత్యభయము: ప్రతి విచారణయందును ఈ మాటలే పునరావృత్తములగుచుండును. ఇవి అసత్యములు కావు. కాని ఆ రాత్రి, ఆ అడవిలో, అవే బాధలతో తుపాకి తలక్రింద పెట్టుకొని నిద్రించిన వేలాది జవానులు తెల్లవారి లేచి మరల గస్తీకి పోయిరి. ఒత్తిడి అందరియందును ఉన్నప్పుడు, అది ఒక్కని విషయమున ఏల పేలెనో ఒత్తిడి అను మాట చెప్పజాలదు.

ఇక ప్రవాసాంధ్రుల విషయము. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రపు ఓలేత పట్టణమున హైదరాబాదువాడైన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ తూటాలకు బలియయ్యెను. అతని మిత్రుడును, అడ్డుపడిన ఒక అమెరికను యువకుడును గాయపడిరి. మృతుడొక్కడే గనుక లెక్క ప్రకారము ఇది సామూహిక హత్య కాదు. అయినను ప్రేరణ ఇంత తేటతెల్లముగా నున్న ఘటన అరుదు గనుక ఇచట ఉదాహరింపవలసివచ్చినది. మీ దేశమునకు పొండని అరచి కాల్చిన ఆ వ్యక్తి, తాను కాల్చినది ఇరానీయులనని పిదప చెప్పెను. 2018లో అతనికి యావజ్జీవ కారాగారశిక్షలు పడెను. ద్వేషనేరమని న్యాయస్థానము తేల్చెను, అది సత్యము. అయినను ఆ ద్వేషము ఎవరిపైనో అతనికే సరిగా తెలియదు. ప్రేరణ పేరు తెలిసినంత మాత్రమున మనిషి తెలిసినట్లు కాదనుటకు ఇంతకు మించిన నిదర్శనము కానరాదు.

2018 సెప్టెంబరు 6వ తేదీ ఉదయమున సిన్సినాటి నగర మధ్యమునందలి ఫిఫ్త్ థర్డ్ బ్యాంకు భవనపు ముంగిట, గుంటూరు జిల్లాకు చెందిన ఇరువదియైదేండ్ల యువ ఉద్యోగి సహా ముగ్గురు హతులైరి. హంతకుడు పోలీసుల తూటాలకు అక్కడనే కూలెను. ఆ బ్యాంకుతో అతనికి గల వైరమేదియు బయటపడలేదు. అతని జీవితమున దొరికిన ఆనవాలు ఒక విచిత్ర వ్యాజ్యము: ఒక టెలివిజను సంస్థయు, ఒక షేర్ల వ్యాపారసంస్థయు తన ఫోనును, కంప్యూటరును గూఢముగా పరికించుచున్నవని 2017లో దావా వేయగా, అది ఉన్మత్తప్రలాపమునకు సమీపముగా నున్నదని న్యాయస్థానము కొట్టివేసెను. ఉన్మాదఛాయ స్పష్టమే. కాని ఆ ఉన్మాదమున బ్యాంకు లేదు, బ్యాంకులో పనిచేయు తెలుగు యువకుడు లేడు. నాడు పండ్రెండు తూటాలు తగిలియు బ్రతికిన విట్నీ ఆస్టిన్ అను ఉద్యోగిని, కారణము కొఱకు నిరీక్షింపక, తుపాకి మరణములను తగ్గించుటకై ఒక సంస్థను నెలకొల్పినది.

2023 మే 6న టెక్సాస్ రాష్ట్రపు అలెన్ పట్టణపు విపణిలో ఎనమండుగురు మరణించిరి. వారిలో మూడేండ్ల బాలుడు మొదలు హైదరాబాదు నుండి పోయిన యువ ఇంజనీరు వరకు పలు జాతులవారుండిరి. పోలీసు తూటాకు చచ్చిన హంతకుని దేహముపై నాజీ చిహ్నములు, అతని వ్రాతలలో జాతిద్వేషము సమృద్ధిగా దొరికినవి. ఇంతకన్న స్పష్టమేమి కావలయునని తోచును. కాని అతడు స్వయముగా లాటిన్ అమెరికను సంతతివాడు. ఏ ప్రత్యేక వర్గమునో వెదకి చంపినట్లు గాక, ఆ స్థలమును ఎంచుకొని, అందు కంటబడిన వారిని వయస్సు, జాతి, లింగ భేదము లేక కాల్చినట్లున్నదని రాష్ట్ర దర్యాప్తు అధికారి చెప్పవలసివచ్చెను. సైన్యమున చేరి, శిక్షణకాలముననే మానసిక కారణములచే 2008లో తొలగింపబడినవాడతడు. ద్వేషమతనిని హంతకుని చేసెనా, లేక హంతకుడు కాగోరినవాడు తనకొక ద్వేషమును అరువు తెచ్చుకొనెనా? రెండవదియు అసంభవము కాదని ఈ రంగమున శ్రమించినవారు కొందరి అభిప్రాయము.

ప్రేరణ దొరకని ఘటనలలో అగ్రగణ్యము 2017 అక్టోబరు 1వ తేదీ రాత్రి లాస్ వేగాస్‌లో జరిగినది. అరువదినాలుగేండ్ల ధనికుడొకడు మాండలే బే హోటలు ముప్పదిరెండవ అంతస్తునుండి, దిగువ సంగీతోత్సవమున గుమిగూడిన వేలాది జనముపై పది నిమిషములలో వేయికి పైగా తూటాలు కురిపించెను. నాడు 58 మంది మరణించిరి; గాయములతో తర్వాత మరణించిన ఇరువురతో ఆ సంఖ్య 60 అయ్యెను. హంతకుడు లేఖ విడువలేదు, వాదము విడువలేదు, ఏ మతమునకో పక్షమునకో చెందినట్లు ఆధారము లేదు. స్థానిక పోలీసులు 2018 ఆగస్టులో ప్రేరణను నిర్ణయింపజాలకయే దర్యాప్తు ముగించిరి. ఎఫ్.బి.ఐ. ప్రవర్తనా విశ్లేషకులు మరికొంత కాలము శ్రమించి, 2019 జనవరిలో, ఒక్కటియైన స్పష్టమైన ప్రేరణ కానరాదని తేల్చిరి. అతని మెదడును స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు పంపి పరీక్షింపగా అందును చెప్పుకొనదగినది లేకపోయెను.

మెదడు ప్రస్తావన వచ్చినది గనుక దానికి ప్రతిగా నిలుచు పాత ఘటనను చెప్పవలయును. 1966 ఆగస్టు 1న టెక్సాస్ విశ్వవిద్యాలయపు గోపురమెక్కి పదిమందికి పైగా కాల్చి చంపిన చార్లెస్ విట్మన్, అంతకు ముందటి రాత్రి తల్లిని, భార్యను చంపి, తన మనస్సు తనకే బోధపడుట లేదని, చచ్చిన పిదప తన దేహమును పరీక్షింపుడని వ్రాసిపెట్టెను. కొన్ని మాసముల క్రితమే విశ్వవిద్యాలయ మనోవైద్యుని కలిసి, ఆ గోపురమెక్కి జనమును కాల్చవలెనను తలంపు వచ్చుచున్నదని చెప్పియుండెను. పరీక్షలో మెదడున కణితి కనబడెను. కారణము దొరికెనని జనులు ఊపిరి పీల్చుకొనిరి. కాని గవర్నరు నియమించిన నిపుణుల సంఘము, ఆ కణితి అతని నిగ్రహమును సడలించియుండవచ్చునే గాని, దానికిని హత్యలకును సంబంధమును నిశ్చయముగా చెప్పజాలమని వ్రాసెను. ఒకనికి కణితి ఉన్నది, మరియొకనికి లేదు. ఇరువురును ఎత్తునకు ఎక్కి తామెరుగని జనమును కాల్చిరి.

గనులలో ప్రమాద విచారణ ఎరిగిన బొగ్గుబెల్టు పాఠకునకు ఈ కష్టపు స్వభావము ఒక తారతమ్యము వలన తెలియగలదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు జలసమాధియైరి. అట్టి దుర్ఘటన జరిగినప్పుడు గనుల భద్రతా డైరెక్టరేటు జనరలు అధికారులు వత్తురు. అవసరమైనచో ప్రభుత్వము విచారణ న్యాయస్థానమును నియమించును. వారి ముందు గని ప్లాను ఉండును. నీరు నిలిచిన పాత పనులెక్కడ, కొత్తగా త్రవ్విన ముఖమెక్కడ, నడుమ విడిచిన బొగ్గుగోడ మందమెంత, అరువది మీటర్ల లోపలికి పోవునప్పుడు ముందుగా బోరువేసి చూచిరా, ఓవర్‌మన్ పుస్తకమున ఏమి వ్రాసెను, సర్దారు ఏమి చూచెను అను ప్రశ్నలన్నిటికి కొలతయో కాగితమో కలదు. గోడ ఎక్కడ పలుచబడెనో తెలిసిన పిమ్మట, అంత పలుచబడిన ఏ గోడయైనను ఆ నీటి ఒత్తిడికి తెగునని చెప్పవచ్చును, అది శాస్త్రము. మనుష్యుని విషయమున ప్లాను లేదు. ఉన్నను, అంతగా పలుచబడిన మనస్సులు వేలకు వేలు తెగకయే నిలుచుచున్నవి. మృతులకు న్యాయము చేయుటకు కారణము కావలెనని గనికార్మికుని భార్య కోరినట్లే, అలెన్‌లో మరణించినవారి తల్లిదండ్రులును కోరుదురు. ఆ కోరిక న్యాయమైనది. దానిని తీర్చు సాధనము మనయొద్ద లేకపోవుట ఈ విషయమందలి అసలు దుఃఖము.

హంతకుడే చెప్పినచో తెలియదా యని కొందరందురు. మొదటి అడ్డంకి, వారిలో పెక్కురు ఘటనాస్థలముననే చత్తురు. 2012 డిసెంబరు 14న శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఇరువదిమంది పసిపిల్లలను, ఆరుగురు పెద్దలను చంపిన యువకుడు తన కంప్యూటరు డిస్కును పగులగొట్టి మరీ చచ్చెను, ఏల చేసెనో తెలియలేదని ప్రభుత్వ నివేదిక మరుసటి యేట ఒప్పుకొనెను. బ్రతికి చెప్పినవారి మాటలును అంత నమ్మదగినవి కావు. 1979లో శాన్ డియాగోలో తన ఇంటినుండి ఎదుటి బడిపై కాల్పులు జరిపిన పదునారేండ్ల బాలిక, తనకు సోమవారము గిట్టదని విలేఖరికి చెప్పెను. ఆ మాట లోకప్రసిద్ధమయ్యెను గాని, తరువాతి సంవత్సరములలో పెరోలు విచారణలయందు ఆమె మాదకద్రవ్యములని, తండ్రి పెట్టిన బాధలని వేర్వేరు కారణములు చెప్పెను. 2011 జూలై 22న నార్వేలో 77 మందిని చంపినవాడు దాదాపు 1500 పుటల గ్రంథము వ్రాసిపెట్టెను. ప్రేరణకు ఇంతకు మించిన సాక్ష్యముండదు. అయినను న్యాయస్థానము నియమించిన ఇరువురు మనోవైద్యులు అది తీవ్రోన్మాదమనిరి. తర్వాత నియమింపబడిన మరి ఇరువురు ఉన్మాదము కాదనిరి. 2012 ఆగస్టులో న్యాయమూర్తులు అతడు తన చేతకు బాధ్యుడని నిర్ణయించిరి. అదే మనిషి, అదే వ్రాత, నలుగురు నిపుణులు, రెండు సమాధానములు.

ఈ దృష్టితో చూచినచో జర్మనీ దేశపు ఉపాధ్యాయుడగు ఎర్న్‌స్ట్ వాగ్నరు చరిత్ర మిక్కిలి విలువైనది. 1913 సెప్టెంబరులో అతడు భార్యను, నలుగురు పిల్లలను చంపి, ఆ రాత్రియే మ్యూల్‌హౌజెన్ గ్రామమునకు పోయి ఇండ్లకు నిప్పుపెట్టి, బయటికి పరుగెత్తిన మగవారిని కాల్చెను. పట్టుబడి, ఉన్మాదియని నిర్ణయింపబడి, 1938లో మరణించువరకు ఆసుపత్రియందే ఉండెను. రాబర్ట్ గౌప్ అను మనోవైద్యుడు అతనిని ఏండ్ల తరబడి కలిసి, మాటాడి, వ్రాసెను. పూర్వమెన్నడో ఆ గ్రామమున తాను చేసిన రహస్యపాపమును గ్రామస్థులెరిగి తనను చూచి నవ్వుచున్నారని వాగ్నరు నమ్మెను. ఎవరును ఎరుగరు, ఎవరును నవ్వలేదు. సామూహిక హంతకుని అంతరంగమును ఇంతకాలము, ఇంత సన్నిహితముగా పరిశీలించిన వైద్యుడు మరియొకడు అరుదు. అవమానము, అనుమానము, అహంకారము ఒకదానిలో ఒకటి ఎట్లు పెరిగెనో గౌప్ చూపగలిగెను. అది వాగ్నరును అర్థము చేసికొనుటకు చాలును. వాగ్నరు వంటివానిని ముందుగా గుర్తించుటకు చాలలేదు.

మన ఇతిహాసమున ఈ ఘోరమునకు పోలిక లేకపోలేదు. తిక్కన సోమయాజి తెనిగించిన సౌప్తికపర్వమున అశ్వత్థామ పగ స్పష్టము: తండ్రిని అధర్మముగా చంపిరి. అయినను ఆ పగ అతనిని యుద్ధమునకు గాక నిద్రించువారి వధకు ఎట్లు మరల్చెను? మర్రిచెట్టుపై నిదురించు కాకులను ఒక గుడ్లగూబ వచ్చి చంపుట చూచి అతడుపాయమును గ్రహించెను. కృపాచార్యుడు వారించెను, అతడు వినలేదు. చచ్చిన ఉపపాండవులు ద్రోణుని చంపినవారు కారు. పగ, కంటబడిన ఒక మాదిరి, వారించిన పెద్ద, సంబంధము లేని బాధితులు: ఈ నాలుగింటిని విడదీసి చూపిన ఆ కథనము, ప్రేరణ ఒక్కటే హత్యకు చాలదని తెలియజేయుచున్నది.

గుడ్లగూబ స్థానమును నేడు పూర్వపు హంతకులు ఆక్రమించిరి. 1999 ఏప్రిల్ 20 నాటి కొలంబైన్ పాఠశాల ఘటన దీనికి మూలకందము. తోటివారు వేధించిన ఇరువురు ఒంటరి బాలురు ప్రతీకారము తీర్చుకొనిరని తొలివారమున పత్రికలు వ్రాసినది జనుల మనస్సులో పాతుకొనిపోయెను. తరువాత వారి దినచర్యలు, వీడియోలు బయటపడగా, వారు ప్రధానముగా బాంబులతో బడినంతటిని పేల్చివేయ పథకము వేసిరని, అవి పేలకపోవుటచే కాల్పులు మిగిలినవని, ఇరువురి మనస్తత్వములును ఒకటి కావని తేలెను. కాని లోకము కప్పుకొన్న తొలి కథయే తర్వాతి హంతకులకు ఆదర్శమయ్యెను. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపిన విద్యార్థి, మొదటి కాల్పులకును రెండవ కాల్పులకును నడుమ టెలివిజను సంస్థకు పంపిన పొట్లములో ఆ ఇరువురిని స్తుతించెను. శాండీ హుక్ హంతకుడు పూర్వపు సామూహిక హంతకుల పట్టికను సంఖ్యలతో సహా కూర్చి యుంచెను. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదులలో హైదరాబాదు మూలములు గలవారు సహా 51 మందిని చంపినవాడు ఆ ఘోరమును ప్రత్యక్షప్రసారము చేసెను. న్యూజీలాండు నాటి ప్రధానమంత్రి జసిండా ఆర్డర్న్ వాని పేరును తానెన్నడును ఉచ్చరింపనని పార్లమెంటులో చెప్పెను. సమీపకాలపు హంతకుల విషయమున ఈ వ్యాసము నందును ఆ నియమమునే పాటించితిమి.

మనోవ్యాధియే కారణమను మాట మిక్కిలి సులభముగా నోటికి వచ్చును. 2000, 2013 సంవత్సరముల నడుమ కాల్పులు జరిపిన 63 మందిని పరిశీలించి ఎఫ్.బి.ఐ. 2018లో ప్రకటించిన అధ్యయనమున, అంతకుముందు వైద్యులు మనోవ్యాధిగా నిర్ధారించినవారు నాల్గవవంతు మాత్రమే. తీవ్రోన్మాద వర్గమునకు చెందినవారు ముగ్గురు. అంతకు మునుపు 2002లో అమెరికా సీక్రెట్ సర్వీసు విద్యాశాఖతో కలిసి 37 పాఠశాల ఘటనలను శోధించి, హంతకబాలుని గుర్తుపట్టుటకు పనికివచ్చు ఒకే ఆకృతి లేదని తేల్చెను: కొందరు బాగుగా చదివెడివారు, కొందరు కానివారు, కొందరికి మిత్రులుండిరి, కొందరికి లేరు. మనోవ్యాధిని కారణముగా ప్రకటించుట, ఎవరికిని హాని చేయక తమ వేదనను తామే మోయుచున్న అసంఖ్యాక రోగులపై మరియొక భారమును మోపుట యగును. ఇది వార్తలు వ్రాయువారు నిత్యము జ్ఞప్తియందుంచుకొనవలసిన విషయము.

న్యాయశాస్త్రము ఈ చిక్కును ఏనాడో గుర్తించి ప్రక్కకు తప్పుకొనెను. 2024 వరకు అమలులో నుండిన 1872 నాటి భారత సాక్ష్యచట్టపు ఎనిమిదవ సెక్షను ప్రేరణను సంగతమైన అంశముగా అంగీకరించినను, ప్రత్యక్షసాక్ష్యము బలముగా నున్నప్పుడు ప్రేరణ తేలకపోయినంత మాత్రమున నేరము వీగిపోదని మన న్యాయస్థానములు పలుమారు చెప్పియున్నవి. మతిభ్రమణ విషయమునను చట్టమడుగునది ఆ క్షణమున తాను చేయుచున్నదేమో, అది తప్పో ఒప్పో అతనికి తెలియునా అనునదియే. ఏల చేసెననునది కాదు. శిక్షకు అది చాలును. బాధితుల కుటుంబములకు చాలదు.

ఏలయను ప్రశ్న ఇంత మొండిదైనను, ఎట్లు నడచి అక్కడికి వచ్చెననునది అంత అగమ్యము కాదు. పైన చెప్పిన 63 మందిలో వివరములు తెలిసినవారిని పరిశీలింపగా, ముప్పాతికకు మించినవారు వారము, అంతకెక్కువ కాలము పథకము వేసిరని తేలెను. సగమునకు మించినవారు తమ ఉద్దేశమును ఎవరికో ఒకరికి ఏదో ఒక రూపమున తెలియజేసిరి. పాఠశాలల అధ్యయనమున నూటికి 81 ఘటనలలో కనీసమొకరికి ముందుగా తెలిసియుండెను. సాధారణముగా ఆ తెలిసినవాడు తోటి విద్యార్థియో, స్నేహితుడో, అన్నదమ్ముడో. 1966లో విట్మన్ మనోవైద్యునితో చెప్పిన గోపురపు మాట ఇట్టిదే. వర్జీనియా టెక్ హంతకుని రచనలను చూచి ఆచార్యులు కలవరపడిరి, న్యాయస్థానము చికిత్సకు ఆదేశించెను, కాని ఆ ముక్కలను ఒకచోట చేర్చి చూచినవారు లేరని తర్వాతి సమీక్షాసంఘము చెప్పెను. దాని ఫలితముగా 2008లో ఆ రాష్ట్రము ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయమునను ఇట్టి సూచనలను కలిపి పరిశీలించు బృందముండవలెనని శాసించెను. ఎఫ్.బి.ఐ. అధ్యయనమున మరియొక వివరము కలదు: కలవరపెట్టు ప్రవర్తనను గమనించినవారు ఏమి చేసిరని విచారింపగా, నూటికి 83 సందర్భములలో ఎవరో ఒకరు నేరుగా ఆ వ్యక్తితోనే మాటాడిరి, 54 సందర్భములలో ఎవరో ఒకరు చూచియు ఏమియు చేయకుండిరి, పోలీసులకు తెలిపినది 41 సందర్భములలో మాత్రమే.